పొలంలో నాటు తేనెటీగలు నిలవాలంటే: పెట్టె కొనే ముందు గట్టు చూడండి

"మందులు మానేసి మూడేళ్లయింది. ఘనజీవామృతం (పేడ, మూత్రంతో చేసే ఎరువు) వేస్తున్నాం, ఆచ్ఛాదన (నేలను గడ్డీ గాదంతో కప్పడం) చేస్తున్నాం. అయినా కాకరపాదుకు పిందె నిలవడం లేదు, వంగలో పూత రాలిపోతోంది. తేనెటీగల పెట్టెలు ఎక్కడ దొరుకుతాయి?" ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. విడివిడిగా చెప్పే బదులు అందరికీ పనికొచ్చేలా ఒకేచోట రాస్తున్నాను.

పెట్టెల సంగతి చివర చూద్దాం. ముందు మీ గట్టు చూడండి. ప్రపంచంలో ఇప్పటివరకు గుర్తించిన తేనెటీగ జాతులు 20,000కు పైనే. తుట్టె కట్టి తేనె దాచేవి వాటిలో చాలా కొద్ది. మిగతావాటిలో ఎక్కువ భాగం ఒంటరి ఈగలే. వాటికి రాణీ లేదు, కూలి ఈగలూ లేవు. ప్రతి ఆడ ఈగా తన గూడు తానే కట్టుకుని, పుప్పొడి ముద్ద చేసి, దాని మీద గుడ్డు పెట్టి, అర మూసేసి వెళ్లిపోతుంది. ఈ జాతుల్లో సుమారు 70 శాతం నేలలోనే బొరియ తవ్వుకుంటాయి. మనం మందులు మానేశాం, పూలు పెంచాం. కానీ నేలంతా ఏడాది పొడవునా గడ్డితో, చెత్తతో కప్పేశాం. అది నేలకు మంచిదే. అయితే బొరియ తవ్వుకునే ఈగకు అంత మందపాటి ఆచ్ఛాదన కింద మట్టి అందదు. ప్రకృతి వ్యవసాయం చేసే పొలాల్లో నాకు ఎక్కువగా కనిపించే లోటు ఇదే: పూలుంటాయి, గూటికి చోటుండదు.

పొలంలో ఏ ఈగలుంటాయి?

గుర్తుపట్టడానికి సరిపడా చెబుతాను.

తుట్టె కట్టేవాటిలో మూడు రకాలు మీకు తెలిసినవే. పెద్ద చెట్ల కొమ్మలకూ, కొండ చరియలకూ, నీళ్ల ట్యాంకులకూ ఒకే పెద్ద తుట్టె వేలాడదీసేవి పెద్ద తేనెటీగలు. పొదలో చిన్న కొమ్మ చుట్టూ అరచేయంత తుట్టె కట్టేవి చిన్న తేనెటీగలు. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో వరుసగా పలు తుట్టెలు కట్టేవి పుట్టతేనె ఈగలు. వీటికి తోడు గోడ పగుళ్లలో, తొర్రల్లో ఉండే నల్లటి చిన్న ఈగలున్నాయి. వాటికి కుట్టే కొండి లేదు. గూటి ముందు జిగురుతో చిన్న గొట్టం కట్టుకుంటాయి.

ఒంటరి ఈగల్లో తుమ్మెదను అందరూ ఎరుగుదురు. ఎండిన వెదురులో, మోడుల్లో గుండ్రటి కన్నం తొలుచుకుంటుంది. ఆకులు కత్తిరించే ఈగ పుప్పొడిని కాళ్లకు కాక పొట్ట కిందనే అంటించుకుంటుంది. పూల మీద పొట్ట అడుగున పసుపు పూసినట్టు కనిపిస్తే అదే. కందికి తుమ్మెద, ఈ ఆకు ఈగ ముఖ్యమైన చుట్టాలు. పొట్టపై నీలి చారలతో ఒకచోట నిలవకుండా తిరిగే ఈగ మరొకటి. అది మట్టి గోడల్లో, ఒడ్డుల్లో గూడు పెడుతుంది.

వంగ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వంగపూవులో పుప్పొడి పైకి కనబడదు. పసుపు గొట్టాల్లాంటి కేసరాల్లో దాగి, కొసనున్న చిన్న రంధ్రం నుంచి మాత్రమే బయటికి రాలుతుంది. ఈగ ఆ పూవును పట్టుకుని ఒళ్లంతా కంపింపజేస్తేనే ఆ పుప్పొడి దులుతుంది. తుమ్మెద, నీలి చారల ఈగ, నేలలో ఉండే మరికొన్ని ఈగలు ఆ పని చేస్తాయి. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఆ విద్య రాదు. ఉదయం వంగ మడిలో కాసేపు కదలకుండా నిలబడి వినండి. ఎగిరే ఈగ మోత ఒక శ్రుతిలో ఉంటుంది. పూవుపై వాలగానే అది ఆగి, ఒక్క క్షణం పదునైన "జుమ్" వినిపిస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఆ చప్పుడు మీ మడిలో వినపడకపోతే, వంగ కోసం పెట్టె కొనడం వల్ల ఉపయోగం లేదు. టమాటాకూ ఇదే మాట.

కావలసినవి

- ఒక నోటుపుస్తకం, పెన్ను. ఫోనులో ఫోటో తీయగలిగితే మంచిది.
- గట్టు మీద ఎండ బాగా తగిలే, నీరు నిలవని చోటు: కనీసం ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు. ఇలాంటివి రెండు మూడు ఉంటే ఇంకా మేలు.
- బాగా ఎండిన సన్న వెదురు, చిన్న పళ్లున్న రంపం, గరుకు కాగితం, తీగ.
- పచ్చి ఇటుకలు పది పన్నెండు. కాల్చనివి, సిమెంటు కలపనివి.
- జనుము, నువ్వు, అలసంద, కంది, ధనియాలు, ఆవాలు, బంతి, తులసి విత్తనాలు. నాటు విత్తనమైతే మంచిది. కొనేటప్పుడు మందు పట్టించిన విత్తనం కాదని చూసుకోండి.
- కొంచెం గ్రీజు, చీమలు ఎక్కకుండా.

డబ్బు పెట్టాల్సింది దాదాపు ఏమీ లేదు. ఓపిక మాత్రం కావాలి.

1. ముందు చూడండి, రాసుకోండి

ఏమీ మార్చకముందే ఇప్పుడున్న పరిస్థితి రాసుకోకపోతే, ఏడాది తర్వాత పెరిగాయో తగ్గాయో మీకే తెలియదు. ఎండ కాస్తూ గాలి తక్కువగా ఉన్న రోజు, ఉదయం 9 నుంచి 11 మధ్య, పూత ఉన్న వరుస వెంట 50 అడుగులు మెల్లగా నడవండి. పావుగంట పట్టాలి. పూలపై వాలిన ఈగలను నాలుగు వరుసల్లో లెక్క రాయండి: తుట్టె కట్టేవి, తుమ్మెదలు, పొట్ట కింద పుప్పొడి ఉన్నవి, మిగతా చిన్నవి. పేర్లు తెలియనక్కర్లేదు. కంది పూతలో ఉంటే అది తెరుచుకునేది ఎండెక్కాకే కనుక, కంది లెక్క మధ్యాహ్నం వేళకు జరపండి.

కొన్ని జోరీగలు, పూల ఈగలు తేనెటీగ వేషంలో ఉంటాయి. రెక్కలు ఒకే జత, కళ్లు తలంతా ఆక్రమించి, మీసాలు పొట్టిగా ఉంటే అది తేనెటీగ కాదు. వాటిని వేరే వరుసలో రాసుకోండి, అవీ పనికొచ్చేవే.

2. గట్టు మీద బోసి నేల వదలండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. తూర్పుకో దక్షిణానికో వాలుగా ఉన్న గట్టు ముఖం ఎంచుకోండి. గడ్డిని చేత్తో పీకి, లేదా కొడవలితో నేల మట్టానికి కోసి, చెత్త తీసేయండి. తవ్వకండి. గుల్ల చేయకండి. గట్టిగా, చదునుగా, ఎండకు వెచ్చగా ఉన్న మట్టినే ఈగ కోరుకుంటుంది. అక్కడ ఆచ్ఛాదన వేయకండి, జీవామృతం పోయకండి, డ్రిప్పు పైపు పరచకండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు మొలిచిన గడ్డి పీకేస్తే చాలు.

"ఏడాదంతా నేల కప్పి ఉంచాలని శిక్షణలో చెప్పారు కదా?" అని మీరు అడుగుతారు. నిజమే. ఎకరం పొలంలో రెండు మీటర్ల గట్టు ముక్క బోసిగా ఉంచినందుకు నేలకు నష్టమేమీ లేదు. పంట వేసే చోట ఆచ్ఛాదన మానమని నేను చెప్పడం లేదు.

ఎర్ర చల్క నేలలున్నవారికి ఇంతే పని. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది, గూళ్లు చెదిరిపోతాయి. అక్కడ గట్టు మీద ఎర్రమట్టి, ఇసుక కలిపి అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి, నీళ్లు చల్లి కాలితో గట్టిగా తొక్కండి. ఒక వాన పడి దిబ్బ కుదురుకున్నాక ఈగలు చూసుకుంటాయి.

హెచ్చరిక: బొరియలు కనబడ్డాక ఆ ముక్కను దున్నడం, జేసీబీతో గట్టు సవరించడం చేయకూడదు. ఎదిగిన ఒంటరి ఈగ కొద్ది వారాలే బతుకుతుంది. తర్వాత నెలల తరబడి ఆ గూడు మూసి ఉంటుంది, లోపల పిల్లలుంటాయి. పైకి ఏమీ ఎగరడం లేదని ఖాళీ నేల అనుకోవద్దు. గట్టు సవరణ తప్పదనుకుంటే ఒకేసారి అంతా చేయకుండా ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం చేయండి.

3. మట్టి గోడలను కాపాడండి

పశువుల కొట్టం పాత మట్టి గోడకు సిమెంటు పూయాలనుకుంటున్నారా? ఎండ తగిలే పక్క ఒక్క గోడను అలాగే వదలండి. నీటి కుంట తవ్వినప్పుడు నిట్టనిలువుగా మిగిలిన ఒడ్డు కూడా ఇలాంటిదే. ఇవేమీ లేకపోతే పచ్చి ఇటుకలు తయారు చేసుకోండి. తడిగా ఉన్నప్పుడే పెన్సిలు లావు పుల్లతో వేలెడంత లోతు గుంటలు గుచ్చి, నీడలో ఆరనివ్వండి. వాన తగలని చూరు కింద, ఎండ పడేలా పేర్చండి. గోరుతో గీకితే పొడి రాలాలి. రాలకపోతే ఇటుక మరీ గట్టిదని అర్థం, ఇసుక పాలు పెంచి మళ్లీ చేయండి.

4. కట్టె కాల్చకండి, వెదురు కట్టండి

కోత అయ్యాక కందికట్టె, ఆముదం కట్టె, పొద్దుతిరుగుడు కాడలు మొత్తం పీకి కాల్చేయడం మనకు అలవాటు. బెండుగా ఉండే కాడల్లో చిన్న నల్లటి ఈగలు గూళ్లు పెడతాయి. కాడ పక్కనుంచి తొలవలేవు, విరిగిన కొస నుంచే లోపలికి వెళతాయి. కనుక గట్టు వెంట ఒక వరుస కట్టెను మోకాలెత్తున కోసి నిలబెట్టేయండి, మిగతాది తీసుకెళ్లండి. గ్లైరిసీడియా, మునగ కొమ్మలు నరికినప్పుడు ఎండిన కొసలు కొన్ని ఉంచండి. ఎండిన మోడు ఒకటి పొలం మూల పడి ఉంటే తుమ్మెదకు ఇల్లు. ఎండాకాలం గట్లకు నిప్పు పెట్టడం మానేయడం ఒక్కటే చాలా గూళ్లను నిలుపుతుంది.

వెదురు గూటి కట్ట ఇలా చేయండి:

- గొట్టం లోపలి వెడల్పు 4 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య రకరకాలుగా ఉండాలి. అన్నీ ఒకే కొలత వద్దు. తుమ్మెద కోసం ఇంకొంచెం లావుపాటివి రెండు మూడు చేర్చండి.
- కణుపు ఒక చివర వచ్చేలా కోయండి, అటువైపు మూసి ఉంటుంది. పొడవు 15 సెంటీమీటర్లకు తగ్గకూడదు. లోపలి అరల్లో ఆడ ఈగలు, ముందు అరల్లో మగ ఈగలు పుడతాయి. పొట్టి గొట్టమైతే మగవే మిగులుతాయి.
- కోసిన అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. పీచు ఉంటే రెక్కలు చినుగుతాయి.
- ఇరవై ముప్పై గొట్టాలు కట్టగా బిగించి, నడుమెత్తు నుంచి ఛాతీ ఎత్తు మధ్య, తూర్పు ముఖంగా, వాన తగలని చోట, ఊగకుండా కట్టండి. ముందువైపు కొంచెం కిందికి వంగి ఉంటే నీరు లోపలికి పోదు.
- గుంజకు గ్రీజు రాయండి. లేకపోతే చీమలు పుప్పొడి ముద్దల కోసం దూరిపోతాయి.

ప్లాస్టిక్, గాజు గొట్టాలు వాడకండి. తేమ బయటికి పోక బూజు పడుతుంది. వంద గొట్టాల పెద్ద గూడు ఒకచోట పెట్టడం కంటే చిన్న కట్టలు పొలం నాలుగు మూలలా పెట్టడం మేలు, ఎందుకంటే ఒకేచోట ఎక్కువ గూళ్లుంటే పరాన్నజీవులకు పండగ. ఈగలు బయటికొచ్చి ఖాళీ అయిన గొట్టాలను ఏడాదికో రెండేళ్లకో మార్చండి.

గొట్టం మూతి ఆకు ముక్కలతో మూసి ఉంటే ఆకు ఈగ. మట్టితో మూసి ఉంటే ఈగ కావచ్చు, ఒంటరి కందిరీగ కావచ్చు. ఆ కందిరీగల్లో చాలామటుకు మీ పంట మీది గొంగళి పురుగులనే తెచ్చి పిల్లలకు పెడతాయి, కంగారుపడి తీసేయకండి.

5. పూలకు ఏడాది లెక్క వేయండి

ఒంటరి ఈగలు దూరం పోలేవు. చిన్నవి గూటి నుంచి కొన్ని వందల మీటర్లు తిరిగితే గొప్ప. కాబట్టి పక్క ఊరి పొద్దుతిరుగుడు చేను మీ ఈగలకు పనికిరాదు. మీ పొలంలో ఏ నెలలో పూలు లేవో చూసి ఆ ఖాళీ పూడ్చండి.

నోటుపుస్తకంలో పన్నెండు నెలలు రాసి, పక్కన ఏం పూస్తోందో రాయండి. చాలా పొలాల్లో ఖాళీ కనిపించేది ఎండాకాలం చివర. అప్పుడు ఆదుకునేవి చెట్లే: వేప, కానుగ, నేరేడు, ఆ తర్వాత చింత. కానుగ పూసిన వారం దాని కింద నిలబడితే తుమ్మెదల రొదలో మాట వినపడదు. కంచె వెంట తంగేడు ఉంటే నరకకండి. తెలంగాణ రాష్ట్ర పుష్పమన్న గౌరవం అటుంచి, దాని పుప్పొడి కూడా వంగలాగే కంపిస్తేనే రాలేది. వంగ పూతలేని రోజుల్లో ఆ ఈగలను పోషించేది అదే.

వానాకాలంలో జనుము, నువ్వు, అలసంద, గట్ల మీద తుమ్మి, వెంపలి. వానలు వెనకపట్టాక రేగు, కంది. చలికాలంలో ధనియాలు, ఆవాలు, కుసుమ. వంటింటి తులసి ఏ కాలంలోనైనా చిన్న ఈగలకు అన్నం పెడుతుంది. గడ్డిచామంతి కలుపే అయినా గట్టు మీద ఉంటే ఉండనివ్వండి. వయ్యారిభామను మాత్రం పూలున్నాయి కదా అని వదలకండి, పీకేయండి.

పచ్చిరొట్ట వేసేవారికి ఒక మాట. జనుము పూతకు వస్తుండగా కలియదున్నుతాం, అది సరైనదే. అయితే చుట్టూ రెండు సాళ్లు దున్నకుండా వదిలి పూయనివ్వండి. రుతుపవనాలకు ముందు వేసే నవధాన్యాల్లోనూ ఒక అంచు అలాగే వదలండి. విత్తనం కూడా దక్కుతుంది.

హెచ్చరిక: పక్క చేనులో పత్తికి తరచూ మందు కొడుతుంటే ఆ హద్దు వెంట పూల వరుస పెట్టకండి. ఈగలను రప్పించి మందులో ముంచినట్టవుతుంది. ఆ పక్క గ్లైరిసీడియానో వేరే గుబురు చెట్లనో దట్టంగా పెంచి, పూలను పొలం లోపలి వైపు వేయండి.

6. పశువులు మేసే బీడు ఉంటే

బీడంతా ఏడాది పొడవునా మేపితే పూవన్నది మిగలదు. అసలు మేపకపోతే గడ్డి కమ్మేసి బోసి నేల మిగలదు. నాలుగు వంతులు చేసి, ఒక వంతు మేపుతూ మిగతావాటిని వంతులవారీగా పూయనివ్వండి. మేకలు, గొర్రెలు పూలను ఏరి తింటాయి కాబట్టి పూత మీదున్న వంతులోకి వాటిని తోలకండి. పశువుల గిట్టలు తొక్కిన దారి పక్కన గట్టి నేలలో బొరియలు తరచుగా ఉంటాయి, ఆ దారులను కొత్తగా మార్చకండి.

7. మందులూ కషాయాలూ: ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు

ఇంట్లో కాచిన కషాయం కనుక తేనెటీగకు ఏమీ కాదని అనుకోవద్దు. పురుగుల కోసం కాచే అగ్నాస్త్రం కషాయంలో పొగాకు వేస్తాం. పొగాకులోని నికోటిన్ కీటకాలకు విషం. నేడు తేనెటీగల పాలిట శాపంగా పేరుపడ్డ ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ వంటి అంతర్వాహిక (మొక్క లోపలంతా పాకే) మందులు నికోటిన్ తీరులోనే నాడులపై పనిచేస్తాయి. ఐరోపా సమాఖ్య ఈ రెండింటి ఆరుబయటి వాడకాన్ని 2018లో నిషేధించింది. పొగాకు ఉన్న కషాయాన్ని పూత మీద, ఈగలు తిరిగే వేళ చల్లితే చావు తప్పదు. వేప కషాయాలు అంత తీవ్రమైనవి కాకపోయినా పూవును తడిపేలా చల్లకండి.

వేళ ముఖ్యం. నువ్వు, పొద్దుతిరుగుడు, దోస, కాకర, కంది ఉన్నచోట ఏది చల్లినా సూర్యాస్తమయం తర్వాతే. కానీ "సాయంత్రం కొట్టండి" అనే సలహా బీర, సొర, పొట్లకు పనికిరాదు. వాటి పూలు తెరుచుకునేదే సాయంత్రం. వాటికి పూత సాగినంత కాలం చల్లడం మానడమే మంచిది. తప్పనిసరైతే పూలు ముడుచుకున్నాక, అడుగున గడ్డిపూలు తడవకుండా ఆకుల వరకే చల్లండి.

కందిలో పూత వేళ శనగపచ్చ పురుగు వస్తుంది, ఈగలకు ఆపద వచ్చేదీ అప్పుడే. లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టండి, పక్షులు వాలడానికి కొమ్మలు పాతండి, పెద్ద పురుగులు కనబడితే కింద గోనెపట్టా పరిచి మొక్కలు ఊపి రాల్చండి. ఎన్‌పీవీ (పురుగుకు రోగం తెప్పించే వైరస్) ద్రావణం ఆ పురుగుకే తగులుతుంది, ఈగకు హాని చేయదు. ఎండకు చెడిపోతుంది కాబట్టి దాన్నీ సాయంత్రమే చల్లాలి.

బజారులో ఏదైనా కొనాల్సి వస్తే డబ్బా మీది త్రికోణం రంగు చూసి నిర్ణయించకండి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు క్షీరదాలకు ఎంత విషమో చెప్పేవి. తేనెటీగ సంగతి వాటిలో లేదు. స్పైనోసాడ్ సూక్ష్మజీవి నుంచి వచ్చేదే అయినా తడి ఆరేదాకా ఈగకు ప్రమాదం. డబ్బాతో వచ్చే కరపత్రంలో తేనెటీగల గురించి రాసిన వాక్యం వెతికి చదవండి. గట్ల మీద కలుపు మందు కొట్టడం మానండి, అక్కడి పూలే ఈగల తిండి.

పక్క రైతుతో మాట్లాడండి. గొడవగా కాదు. ఏ రోజు కొడతారో ముందు చెప్పమనండి, ఎండెక్కాక కాకుండా పొద్దుగూకాక కొట్టమని అడగండి. ఆయన కందికీ, పాదులకూ మీ గట్టు ఈగలే వెళుతున్నాయని చెబితే వింటారు.

8. నీరు, బురద

వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు వేసి, రాళ్లు మునగకుండా నీళ్లు పోయండి. పక్కనే కొంత మట్టి తడిగా ఉంచండి, గూటి అరలు మూసే ఈగలకు ఆ బురద కావాలి.

9. తుట్టెలు ఉంటే

పెద్ద తేనెటీగల తుట్టెను రాళ్లు విసిరి, పొగ పెట్టి, కాల్చి తోలకండి. కింద పని ఉంటే ఆ కొన్నాళ్లు మరోచోట చేసుకోండి, అవి కాలానుగుణంగా వలస పోతాయి. గుంపుగా కుడితే ప్రాణాపాయం. కుట్టించుకున్నవారికి ఊపిరాడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తేనె తీసేవారు వస్తే తేనె ఉన్న భాగం మాత్రమే కోయమని, పిల్లలున్న భాగం వదలమని ముందే గట్టిగా చెప్పండి. ఒంటరి ఈగల విషయంలో ఈ భయం అక్కర్లేదు. చేత్తో నలిపితే తప్ప అవి దాదాపు కుట్టవు.

తరచూ జరిగే పొరపాట్లు

కంది, గులాబీ ఆకుల అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రటి, కోడిగుడ్డు ఆకారపు ముక్కలు పోయి కనిపిస్తే పురుగు అనుకుని మందు కొడుతున్నారు. పురుగు తిన్న ఆకు అంచు గరుకుగా ఉంటుంది, కింద రెట్ట ఉంటుంది. ఇక్కడ కోత నున్నగా ఉంటుంది, రెట్ట ఉండదు. అది ఆకు ఈగ పని. నిడివి ముక్కలు గూటి గోడలకు, గుండ్రటివి మూతకు. మొక్కకు దీనివల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదు.

బొరియను చీమల పుట్టని పొరబడి మందుపొడి చల్లడం మరొకటి. చీమలైతే బారు కడతాయి. ఈగ బొరియ ఒక్కటే గుండ్రటి కన్నం, పెన్సిలు లావుకు మించదు, పక్కన మెత్తటి మట్టి చిన్న కుప్ప. ఎండ వేళ పది నిమిషాలు కూర్చుంటే పసుపు కాళ్లతో దిగే ఈగ కనిపిస్తుంది.

ఇక పెట్టెలు. బయట ఎక్కువగా అద్దెకు తిరిగేవి 1960లలో మన దేశంలో స్థిరపడిన ఐరోపా జాతి. తేనె వ్యాపారానికి అవి మంచివే, పొద్దుతిరుగుడు విత్తనోత్పత్తికీ పనికొస్తాయి. నాటు ఈగలను కాపాడటం మాత్రం అది కాదు. పూలు తక్కువున్న కాలంలో వేల ఈగలను తెచ్చిపెడితే ఉన్న మకరందం వాటికే పోతుంది. తేనె కోసం పెట్టె కావాలనుకుంటే పుట్టతేనె ఈగను ఎంచుకోండి. దగ్గరలోని ఆరోగ్యమైన చోటు నుంచే తెచ్చుకోండి, ఎందుకంటే 1990ల మొదట్లో సంచి వ్యాధి (ఈగ పిల్లలను చంపే వైరస్ రోగం) దక్షిణాదిలో ఈ ఈగల గూళ్లను ఘోరంగా తుడిచిపెట్టింది. ఊళ్లు దాటించే పెట్టెలతో రోగాలూ దాటుతాయి.

ఫలితం ఎలా తెలుసుకోవాలి?

మొదట, ఒకటో మెట్టులో నడిచిన అదే వరుసలో, అదే నెలలో, అదే వేళకు మళ్లీ నడిచి లెక్క రాయండి. పూల వల్ల మార్పు ఒక పంటకాలంలోనే కనిపించవచ్చు. గూళ్ల వల్ల వచ్చే పెరుగుదలకు ఏడాది పైనే పడుతుంది. మొత్తం సంఖ్య కన్నా రకాలు పెరిగాయా అన్నది చూడండి. తుట్టె ఈగలే పెరిగి మిగతా మూడు వరుసలూ అలాగే ఉంటే గూటి చోట్లు మళ్లీ పరిశీలించాలి.

రెండోది అసలైన పరీక్ష: పంటకు ఈగలు చాలుతున్నాయా? కాకరలో గానీ దోసలో గానీ, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపూలు నలభై ఎంచుకోండి. ఇరవైకి ఎర్ర దారం, ఇరవైకి తెల్ల దారం వదులుగా కట్టండి. ఎర్ర దారం పూలకు ఉదయాన్నే, అప్పుడే తెరుచుకున్న మగపూవు కోసి, రేకులు వలిచి, కేసరాన్ని నేరుగా కీలాగ్రానికి (ఆడపూవు నడిమి కొసకు) అద్దండి. తెల్ల దారం పూలను ఈగలకు వదిలేయండి. రెండూ ఒకే పాదులో, ఒకే రోజు తెరుచుకున్నవై ఉండాలి. బీరకైతే ఈ పని సాయంత్రం చేయాలి. పాలీహౌసులో పెంచే కొన్ని కీర రకాలు పరాగ సంపర్కం లేకుండానే కాస్తాయి, వాటి మీద ఈ పరీక్ష పెట్టకండి.

పది రోజుల తర్వాత ఎన్ని నిలిచాయో, కాయలు తిన్నగా ఉన్నాయో చూడండి. రెండు దారాల లెక్కా దాదాపు సమానమైతే మీ పొలానికి ఈగలు చాలుతున్నాయి. పిందె రాలడానికి కారణం నీటిలోనో పోషణలోనో వెతకండి. ఎర్ర దారం కాయలు బాగా ఎక్కువ నిలిచి, తెల్ల దారంవి రాలిపోయినా, ఒక పక్క సన్నబడి వంకర తిరిగినా ఈగలు చాలడం లేదు. రెండో ఏడూ అదే తేడా వస్తే నోటుపుస్తకం తీసి చూడండి: ఏ నెలలో పూలు లేవు, ఏ గట్టు తవ్వారు, పక్క చేనులో ఏ రోజు మందు కొట్టారు. ఆ మూడింటిలో దేనికి గుర్తు పడిందో దానికి సంబంధించిన మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.